రిలీవర్ వచ్చేదాకా

ముందే ఒప్పేసుకుంటాను. ఈ వ్యవహారంలో అందరికన్నా పెద్ద వెర్రివాణ్ణి నేనే. ఇరవై ఏళ్ళకు పైగా ఒక ఇంగ్లీషు మాటను రోజూ నోటితో పలికాను, రోజూ లాగ్ బుక్కులో చేత్తో రాశాను, దానికి ఒకటే అర్థం ఉందనుకున్నాను. అంతకన్నా పెద్ద వెర్రితనం ఇంకొకటుంది. ఆ మాట పక్కన టైము వేసే గడిలో ఇన్నేళ్ళూ అబద్ధం రాశాను. రాయకపోతే ఎవరూ కొట్టరు. నాకు మొహమాటం, అంతే.

ఆ మాట రిలీఫ్.

నాది పంప్ హౌస్ ఉద్యోగం. ఇనుము కరిగించే ఊరు మాది, పొగగొట్టాలు చాలానే ఉన్నాయి, వాటిలో నాది ఏదో చెప్పను. ఒక పెద్ద షెడ్డు, అందులో ఐదు పంపులు, గోడ నిండా మీటర్లు, ఒక ఇనప కుర్చీ, ఆ కుర్చీలో నేను. మేం తోడే నీళ్ళు కొలిమి చుట్టూ తిరిగి దాన్ని చల్లబరుస్తాయి. నీళ్ళు ఆగితే కొలిమి పాడవుతుంది. అందుకని షిఫ్టుకో మనిషి కాపలా ఉండాలి. పొద్దుట ఆరింటికి ఎక్కినవాడు మధ్యాహ్నం రెండింటికి దిగాలి. కానీ గడియారం రెండు చూపించినంత మాత్రాన దిగడానికి లేదు. తర్వాతి షిఫ్టువాడు వచ్చి, ఎదురుగా నిలబడి, మీటర్లు చూసుకుని, లాగ్ బుక్కులో సంతకం పెట్టాలి. దిగేవాడు 'రిలీవ్డ్' అని రాసి టైము వెయ్యాలి. వచ్చేవాణ్ణి రిలీవర్ అంటాం. రిలీవర్ రాకపోతే మూడైనా నాలుగైనా అక్కడే ఉండాలి. నిజానికి ఆ షెడ్డులో పంపు నడపడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది. ఎదురుచూడడం నేర్చుకోవడానికి మాత్రం ఉద్యోగం మొత్తం పట్టింది.

ఈ మాటకు మా నాన్న దగ్గర వేరే అర్థం ఉండేది. ఆయన పోర్టులో కలాసీ. తుపాను వచ్చి వెళ్ళాక పేటలో ఎవరైనా "రిలీపొచ్చింది" అని అరిస్తే, ఒక లారీ వచ్చిందని అర్థం. లారీలో బియ్యం, దుప్పట్లు, కొవ్వొత్తులు. నాన్న వెళ్ళి వరసలో నిలబడేవాడు. అందరినీ ముందుకు పోనిచ్చేవాడు, ముసలివాళ్ళనీ, పసిపిల్లల తల్లుల్నీ, కొన్నిసార్లు ఊరికే గట్టిగా మాట్లాడేవాళ్ళనీ. ఆయన వంతు వచ్చేసరికి లారీలో కొవ్వొత్తులు మిగిలేవి. మా ఇంట్లో బియ్యం లేని రోజులున్నాయి గానీ కొవ్వొత్తులు లేని రోజు లేదు. కాబట్టి నా మొహమాటం నేను కొత్తగా సంపాదించింది కాదు, ఆస్తిగా వచ్చింది.

ఇక మా బావ. బావ అంటే చుట్టం కాదు. మా వైపు మగవాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే పిలుపు అది. పని పడ్డప్పుడు అందులో కాస్త తేనె ఎక్కువ కలుస్తుంది. బావది ఎలమంచిలి. పాసింజరు రైల్లో దువ్వాడ వచ్చి, స్టాండులో పెట్టుకున్న స్కూటరు తీసుకుని ప్లాంటుకు వస్తాడు. షిఫ్టులు తిరుగుతుంటాయి కనక కొన్ని వారాలు నా కుర్చీ అతను తీసుకోవాలి, కొన్ని వారాలు అతని కుర్చీ నేను తీసుకోవాలి. నేను ఎప్పుడూ పావుగంట ముందే వెళ్ళేవాణ్ణి. అతను టైముకు వచ్చిన రోజులు మాత్రం నాకు పండగల్లా విడివిడిగా గుర్తున్నాయి. రైలు సరిగ్గా వస్తే స్కూటరు కదిలేది కాదు. స్కూటరు కదిలితే దారిలో ఎవరో తెలిసినవాళ్ళు తగిలేవారు.

"ఏటి బావ, మొకం అలా ఎట్టేవు? పావుగంటే కదా."

"పావుగంట కాదు, నలభై నిమిషాలు."

"నీకు లెక్కలు బాగా వచ్చు బావ. అందుకే లాగ్ బుక్కు నీ సేతికిచ్చేరు. రెండని రాసీ."

రెండని రాసేసేవాణ్ణి. నలభై నిమిషాల ఆలస్యాన్ని ఒక్క గీతలో మాయం చేసేవాణ్ణి. పైగా ఇంటికి వెళ్ళేదాకా నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి, ఎంత మంచివాణ్ణో అని.

పండగలకు మాలో మాకు ఒక ఏర్పాటుంది. ఎర్లీ రిలీఫ్ అంటాం. నీ పండక్కి నేను రెండు గంటలు ముందొచ్చి నిన్ను దించుతాను, నా పండక్కి నువ్వు ముందొచ్చి నన్ను దించు. ఇది ఏ కాగితం మీదా ఉండదు, ఆఫీసుకు తెలిసినా తెలియనట్టే ఉంటుంది. నేను బావకోసం వినాయక చవితికి ముందు వెళ్ళాను. వాళ్ళ ఊరి అమ్మవారి పండక్కి వెళ్ళాను. వాళ్ళ మేనకోడలి పెళ్ళిచూపులకు వెళ్ళాను. ఒకసారి వాళ్ళింటికి కొత్త ఫ్రిజ్ వస్తోందంటే దానికీ వెళ్ళాను. మాది క్రైస్తవ కుటుంబం, మా పండగలు తక్కువ, అందుకని నేను తిరిగి అడిగిన సందర్భాలు దాదాపు లేనట్టే. అడిగింది ఒకేసారి.

అది మా ఆవిడ కోసం.

గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో పన్నెండింటి నుంచి మూడింటిదాకా ఆరాధన జరుగుతుంది. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్ని ఏడుగురు మనుషులు, ఒక్కొక్కరు ఒక్కో మాట చొప్పున తీసుకుని మాట్లాడతారు. మధ్యమధ్యలో పాటలు. ఎన్నో ఏళ్ళుగా ఏడుగురూ మగవాళ్ళే. ఆ ఏడు పాస్టరుగారు ఇద్దరు ఆడవాళ్ళకు ఇద్దామన్నారు. ఐదో మాట, 'దప్పిగొనుచున్నాను' అన్న దాహం మాట, మా ఆవిడకు వచ్చింది.

మా ఆవిడ జాలరిపేటలో పుట్టిన మనిషి. వాళ్ళమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి, ఊరంతా వినిపించేలా కేకేసేది. కూతురికి మాత్రం నలుగురు ఎదురుగా ఉంటే గొంతు లేవదు. ఇంటికొచ్చిన గ్యాసు మనిషితో కూడా తలుపు వెనక నుంచే మాట్లాడుతుంది. అలాంటిది నాలుగు పేజీలు రాసుకుంది. నెలరోజులు వంటింట్లో తలుపేసుకుని చదువుకుంది. నేను వినబోతే పొమ్మంది.

"ఇక్కడే ఇనేత్తే అక్కడ మీకేటుంటాది? ముందు వరసలో కూకోండి సాలు. మిమ్మల్నే సూసుకుంటా సెప్పేత్తాను. మీరు కనబడకపోతే నాకు మాట రాదు."

ఇదీ నా మీద పడ్డ బాధ్యత. ఆమె మాట్లాడే పన్నెండు నిమిషాలు ఒక బల్ల మీద కూర్చోవడం. ఇంతకన్నా తేలిక పని నాకు జీవితంలో ఎవరూ చెప్పలేదు.

ఆ వారం నాది పొద్దుటి షిఫ్టు, బావ నా రిలీవరు. కొలిమికి గుడ్ ఫ్రైడే సెలవు లేదు. పన్నెండింటికి రమ్మని నెల ముందు అడిగాను, వారం ముందు గుర్తు చేశాను, ముందురోజు మళ్ళీ చెప్పాను.

"అంతలా సెప్పాలేటి బావ? అక్క మాట్టాడతాదంటే నాను రానేటి? పన్నెండు కొట్టేతలికి నీ ముందుంటాను."

పన్నెండు అయింది. ఫోన్ చేశాను. "దువ్వాడ దాటేను బావ, వచ్చీతన్నాను" అన్నాడు. దువ్వాడ నుంచి మా గేటుకు పావుగంట. పన్నెండున్నరకు చేస్తే మోగింది, ఎత్తలేదు. పావు తక్కువ ఒంటిగంటకు మోగలేదు కూడా. ఒంటిగంటకు షిఫ్ట్ ఇన్‌చార్జికి చేసి, ఒక గంట ఎవర్నైనా పంపమని బతిమాలాను.

"మీరూ మీరూ చేసుకున్న ఏర్పాటుకు నన్నేం చెయ్యమంటారండి? అతని టైము రెండు. రెండు దాటాక రాకపోతే చెప్పండి" అన్నాడాయన. తప్పేమీ లేదు. ఆయన మాటలో తప్పు లేకపోవడం వల్ల నాకు ఇంకా మండింది.

కుర్చీ వదిలి వెళ్ళిపోవచ్చు కదా అని మీరడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. తలుపుదాకా రెండుసార్లు వెళ్ళాను. వెనక ఐదు పంపులు తిరుగుతున్నాయి. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళు నీళ్ళొస్తాయన్న నమ్మకంతో నిలబడి ఉంటారు. నేను వాళ్ళ రిలీఫ్. తిరిగొచ్చి కూర్చున్నాను. ఒంటిగంటా నలభై అయ్యేసరికి ఐదో మాట మొదలవుతుందని నా లెక్క. ఆ నిమిషాన నేను మూడో పంపు ప్రెషరు రాస్తున్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళసీసా బల్ల మీద నిండుగా ఉంది. ఉపవాసం కనక ముట్టుకోలేదు. దాన్ని ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. అది ప్లాస్టిక్ సీసా, కొట్టినా పగలదని ఊరుకున్నాను.

రెండూ ఇరవైకి బావ వచ్చాడు. పన్నెండుకు వస్తానన్నవాడు తన మామూలు టైముకు కూడా రాలేదు. బుగ్గలో కిళ్ళీ ఉంది.

"సారీ బావ. అత్తోరింట్లో బోజనానికి కూకోబెట్టీసేరు. మటన్ కదా, మద్దిలో లెగనిత్తారేటి?"

"దువ్వాడ దాటేనన్నావు."

"నీకు కాత్త రిలీఫుగా ఉంటాదని అన్నాను బావ. అయినా మీ సర్చీలో ఏదీ బేగి అవదు కదా. ఇప్పుడెల్లినా సగం దొరుకుద్ది."

అనవలసినవన్నీ లోపల వరసకట్టి నిలబడ్డాయి, ఒకదాన్నొకటి ముందు పొమ్మంటూ, మా నాన్నలాగా. లాగ్ బుక్కు తెరిచాను. 'రిలీవ్డ్' అని రాశాను. పక్కన నా చెయ్యి, నన్ను అడక్కుండా, 14.00 అని వేసింది. అది చూశాక బావ మీద కోపం కాస్త పక్కకు తప్పుకుని, ఆ చేతి మీద కోపానికి దారిచ్చింది.

నేను చేరేసరికి జనం మెట్లు దిగుతున్నారు. మా ఆవిడ తెల్లచీరలో ఒక పక్కగా నిలబడి ఉంది, కాగితాలు నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని.

"అయిపోనాదండి" అంది. ఏమైందని అడగలేకపోయాను. స్కూటరు మీద సగం దూరం వచ్చాక అంది, "మీరు మంచినీళ్ళైనా తాగేరేటి?"

జరిగింది ఆదివారం నాడు, ఆమె పక్కబల్లలో కూర్చునే ఒక పెద్దావిడ చెప్పింది. "మొదట్న బాగానే సెప్పింది బాబు, వాళ్ళమ్మ గురించి. మద్దిలో ఒక సోట ఆగిపోనాది. సాలాసేపు. ముందు వరసకేసి సూత్తా నిలబడిపోనాది. పాస్టరుగారు మంచినీళ్ళు పంపించేరు. ఆ గ్లాసు అట్టుకునే ఎల్లి కూకుండిపోనాది." దాహం గురించి మాట్లాడడానికి లేచిన మనిషి చేతిలో నీళ్ళగ్లాసు పెట్టి కూర్చోబెట్టారు. ఎవరో ఒకరిద్దరు నవ్వారట కూడా. ఆ కాగితాలు చూపించమంటే మా ఆవిడ "అయిపోయినదానికి మళ్ళీ ఏటి" అని బీరువాలో చీరల కింద పెట్టేసింది.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి బళ్ళో చదివినప్పటి డిక్షనరీ దులిపి తీశాను. బావ నాకు ఇచ్చింది ఏ రకం రిలీఫో తెలుసుకుందామని. నొప్పి తగ్గడం అని మొదటి అర్థం. కాదు. ఆపదలో ఉన్నవాళ్ళకు పంపే సాయం. అదీ కాదు, అది మా నాన్న కొవ్వొత్తి. డ్యూటీలో ఒకరి స్థానంలోకి వచ్చే మనిషి. కాగితం మీద ఇదే, కానీ ఆ మనిషి వచ్చాడని రాశారు, ఎప్పుడు వచ్చాడో రాయలేదు. ఇంకొంచెం కిందికి వెళ్తే, రాతిపలక మీద బొమ్మ ఉబ్బెత్తుగా కనబడేలా చెక్కడాన్ని కూడా రిలీఫ్ అంటారట. చుట్టూ ఉన్న రాయి తీసేస్తే బొమ్మ పైకి తేలుతుందట. నా చుట్టూ ఉన్నదంతా తీసేస్తే ఏ బొమ్మ తేలుతుందో ఆలోచించాను. కుర్చీలో కూర్చుని తలుపుకేసి చూసే మనిషి. ఇక మూత్రవిసర్జనకు కూడా ఇదే మాట మర్యాదగా వాడతారని ఉంది. ఒంటరి కాపలాలో మాకు అన్నిటికన్నా కరువైన అర్థం అదే. డిక్షనరీ మూసేశాను. ఒక్క మాటకు ఇన్ని అర్థాలు పెట్టినవాళ్ళు, రానివాణ్ణి ఏమనాలో ఒక్క మాటైనా పెట్టలేదు.

బావతో మాట్లాడడం మానలేదు. మానడం నాకు చేతకాదు. పలకరిస్తే పలికేవాణ్ణి, టైము మాత్రం అదే రెండు రాసేవాణ్ణి. కోపం తగ్గిందనుకున్నాడు. అది కొలిమిలాంటిది, పైనుంచి నీళ్ళు తిరుగుతుంటాయి అంతే.

ఆ ఏడు వానలు వెనకబట్టాక బావ రిటైరయ్యాడు. రిటైరయ్యేవాడికి ఆఖరి రోజు పొద్దుటి షిఫ్టు వెయ్యడం మా దగ్గర ఆనవాయితీ. పన్నెండింటికే అతన్ని దించెయ్యాలి. క్యాంటీన్ హాల్లో శాలువా, దండ, నాలుగు మంచి మాటలు, ఆ తర్వాత పూలు కట్టిన కారులో ఇంటిదాకా ఊరేగింపు. అతన్ని దించవలసిన రిలీవరు నేను.

"పన్నెండుకల్లా వచ్చీ బావ. పన్నెండుంపావుకి మొదలెట్టీతారు. మీ సెల్లి పట్టుసీర కట్టుకుని ముందు వరసలో కూకుంటాది. నువ్వైతే మాట తప్పవు, నాకు తెల్సు."

ఆ 'నాకు తెల్సు' అన్నదే నన్ను కదిలించింది. నేను తప్పనని తెలిసే కదా ఇన్నేళ్ళూ అతను తప్పింది.

ఆ పొద్దున్న మా ఆవిడను కాగితాలు అడిగాను. "ఇప్పుడెందుకండి?" అంది. పని ఉందన్నాను. కాసేపు నా మొహం చూసి, బీరువా తెరిచి, చీరల కింద నుంచి తీసి ఇచ్చింది. ఏం పనని అడగలేదు. నీళ్ళసీసా కూడా చేతిలో పెట్టింది.

మాట తప్పలేదు. సరిగ్గా పన్నెండింటికి పంప్ హౌస్‌లో ఉన్నాను. బావ కొత్త చొక్కాలో, తల దువ్వుకుని, లాగ్ బుక్కు తెరిచి, పెన్ను మూత తీసి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బయట కారు ఉంది.

"సంతకం ఎట్టీ బావ, ఎల్లిపోతాను."

"కూకో బావ. అప్పజెప్పేముందు నువ్వు వినాల్సింది ఒకటుంది. పన్నెండు నిమిషాలు."

"ఏటది?"

"గుడ్ ఫ్రైడే నాడు మీ అక్క మాట్టాడింది. నీ వల్ల నాను వినలేదు. ఇద్దరం కలిసి విందాం."

బావ నవ్వబోయి, నా చేతిలో కాగితాలు చూసి ఆగాడు. నేను జోబులోంచి కళ్ళజోడు తీశాను. సంతకం లేకుండా అతను కదలడానికి లేదు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నవాడు ఆఖరి రోజు కుర్చీ వదిలిపెట్టి పారిపోయాడని రాయించుకోడు. పంపుల మోత మీద వినబడాలి కనక గట్టిగా చదవడం మొదలుపెట్టాను. నేనూ అదే మొదటిసారి చూడడం.

"మా అమ్మ ఎన్నో గుమ్మాలు ఎక్కి దిగేది. ఏ గుమ్మంలోనూ మంచినీళ్ళు అడిగేది కాదు. అడిగితే దోసిట్లో ఎత్తి పోస్తారు, గ్లాసు ఇవ్వరు. అందుకని దాహాన్ని కూడా గంపతోపాటు ఇంటిదాకా మోసుకొచ్చేది."

బావ ఫోన్ మోగింది. హాల్లోంచి. అతను నాకేసి చూశాడు.

"దువ్వాడ దాటేనని సెప్పు బావ" అన్నాను.

అతను ఫోన్ ఎత్తి, వస్తున్నానని గొణిగి పెట్టేశాడు. రెండో పేజీ అయింది. బయట హారన్ మోగింది. మూడో పేజీ తిప్పాను.

"మా ఆయన నీళ్ళు తోడే చోట పనిచేస్తారు. ఆయన కాళ్ళ కింద నుంచి రోజూ ఒక ఏరు వెళ్తుంది. అందులో ఒక్క గుక్క తాగడానికి పనికిరాదు. రోజూ నేనే సీసాలో నీళ్ళు పోసి పంపుతాను. దాహమని చెప్పుకోవడానికి మనకు మన అనేవాళ్ళు ఒకరు ఎదురుగా ఉండాలి. నాకు ఆ మనిషి ఇదిగో, ముందు వరసలో కూర్చున్నారు."

అక్కడ నేనూ ఆగాను. మా ఆవిడ ఎక్కడ ఆగిపోయిందో, ఆగింది మాట మర్చిపోయి కాదని, చదవవలసిన వాక్యం అబద్ధమైపోవడం వల్లనని, నాకు ఆ మోతలో నిలబడి తెలిసింది. నా చెయ్యిలా ఆమె నోరు అబద్ధానికి అలవాటుపడలేదు. గ్లాసు పట్టుకుని వెళ్ళి కూర్చుంది.

బావ తలెత్తలేదు. "ఇంకా ఉందేటి?" అన్నాడు మెల్లగా.

"ఇంకో పేజీ ఉంది."

"సదువు."

నాలుగో పేజీ చదివాను. చర్చిలో అది ఎవరూ వినలేదు. ఆమె నెలరోజులు కూర్చిన మాటల్ని మొట్టమొదట పూర్తిగా విన్నవాడు, వినడానికి అందరికన్నా తక్కువ అర్హత ఉన్నవాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా ఒక్క వాక్యం వదలకుండా, ఎక్కడా తొందరపడకుండా చదివాను. కాగితాలు మడిచి జోబులో పెట్టుకున్నాను. తర్వాత రూలు ప్రకారం ఐదు పంపుల దగ్గరికీ వెళ్ళి, ప్రతి మీటరూ చూసుకుని వచ్చాను. ఇన్నేళ్ళలో అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

"అక్కకి సెప్పు బావ" అంటూ ఏదో మొదలుపెట్టాడు.

"నువ్వే సెప్పు. ఇంటి దారి తెల్సు కదా" అని సంతకం పెట్టాను.

అతను గబగబా 'రిలీవ్డ్' అని రాసి టైము వేశాడు. నేను తొంగి చూశాను.

"ఎంతేసేవు?"

"పన్నెండు."

"కొట్టీ. ఇరవయ్యారు నిమిషాలైంది."

"ఇయాల ఆకరి రోజు కదా బావ. నిమిసాలకేటి?"

"పన్నెండుకి నువ్వింకా అప్పజెప్పలేదు. వింటన్నావు."

బయట మళ్ళీ హారన్ మోగింది. బావ పన్నెండు కొట్టేసి, పక్కన 12.26 అని వేశాడు. వెళ్ళబోతుంటే పుస్తకం మళ్ళీ అతని ముందుకు జరిపాను. దిద్దిన చోట పొట్టి సంతకం పెట్టాలి, అది రూలు. పెట్టించుకున్నాకే వదిలాను.